గేదెల పుస్తకంలో సపోటా అంటు

ముందే ఒప్పుకుంటున్నాను

నాకు ఉన్నదాన్ని పెంచి చెప్పే అలవాటుంది. మా ఇంట్లో దాన్ని అలవాటు అనరు, జబ్బు అంటారు. బజార్లో మూరెడు చేపను చూశానని చెబితే మా ఆవిడ దాన్ని సగం చేసి, ఆ సగంలో తలా తోకా తీసేసి, మిగిలింది జానెడు ఉంటుందేమోనని అనుమానంగా ఒప్పుకుంటుంది. మీరూ అదే పద్ధతి పాటించండి. నేను వంద అంటే నలభై అనుకోండి. అయితే ఇందులో ఒకచోట మాత్రం పెంచడం కాదు, అసలు జరగనిదాన్ని జరిగినట్టు రాశాను. అది ఏదో చివర్లో చెబుతాను. ఈలోగా మీకు దొరికితే సంతోషం.

రిటైరై రెండేళ్లయినా నాది నడివయసే. నూట ఇరవై ఏళ్లు బతకాలని నిర్ణయించుకున్నాను కనుక లెక్క సరిపోతుంది.

రాజమండ్రికీ కడియానికీ మధ్య ఒక ఊళ్లో, ఒక గ్రంథాలయంలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా తెచ్చుకోవాలో నాకు తెలియదు. వచ్చింది ఒక్కటే, అదీ ఇంకొకాయన వద్దన్నాక. నేను చెప్పగలిగింది ఒక ప్రశ్న గురించి. పాఠకుడు కౌంటరు దగ్గరికొచ్చి, మొన్న కంప్యూటర్లో వెతికితే పుస్తకం వచ్చింది, ఇవాళ రావట్లేదు, ఏంటండీ అని అడుగుతాడు. అప్పుడేం చేయాలి?

ముందు అతని మాట నమ్మాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ముప్పై రెండేళ్ల పదకొండు నెలలు పట్టింది.

ఒంటికన్ను తనిఖీ

నేను ఉద్యోగంలో కుదురుకున్న రోజుల్లో మా పై అధికారి ఒకాయన ఉండేవారు. వినాయకరావు గారనుకుందాం. పుస్తకాల లోపల ఏముంటుందన్న విషయంలో ఆయన ఎప్పుడూ జోక్యం చేసుకోలేదు. తనిఖీకొస్తే బీరువాకు ఒక చివర నిలబడి, ఒక కన్ను మూసి, తాపీమేస్త్రి గోడ చూసినట్టు పుస్తకాల వరసను చూసేవారు. ఒక్క పుస్తకం తల ఎత్తినా, ఒక్కటి లోపలికి నక్కినా మెమో. నాకొచ్చిన మెమోలన్నీ కలిపి బైండు చేయిస్తే వినాయకరావు గారికి నచ్చే వరస ఒకటి తయారయ్యేది.

ఆ వరసకు పెద్ద శత్రువులు పల్చటి పుస్తకాలు. పాతిక పేజీలవి, ముప్పై పేజీలవి. మా ప్రాంతంలో అప్పట్లో ప్రతి మూడో మనిషీ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి గ్రంథాలయానికి ఇచ్చిపోయేవాడు. భజన పాటలు, నాటికలు, చిట్కా వైద్యం, కాలవల కింద వరి సాగు, ఒకాయనైతే తన మామగారితో పడ్డ గొడవ. ఇవి నిలబడవు. వంగుతాయి, జారతాయి, పెద్ద పుస్తకాల వెనక పడిపోతాయి. పైగా వానాకాలంలో మా గదిలో చెమ్మ ఎంతంటే, బీరువా తలుపు తీస్తే ధవళేశ్వరం గేట్లు ఎత్తినట్టుండేది. ఆ చెమ్మకు ఇవి పక్కవాటికి అతుక్కుపోయేవి.

అందుకని బైండరు సత్తిరాజును పిలిపించాను. అయిదేసి పుస్తకాలు కలిపి గట్టి అట్టతో ఒక్కొక్క సంపుటం కట్టమన్నాను.

"సబ్జెక్టు చూసి కలపమంటారాండీ?" అన్నాడు సత్తిరాజు.

"ఎత్తు చూడు చాలు," అన్నాను నేను.

ముప్పై మూడేళ్లలో నేను చేసిన ఘనమైన తప్పు ఈ మూడు మాటల్లో ఉంది. సత్తిరాజు వరండాలో ఆ పుస్తకాలను ప్రార్థనకు పిల్లల్ని నిలబెట్టినట్టు పొట్టివి ఒకవైపు, పొడుగువి ఒకవైపు నిలబెట్టాడు. ఒకే ఎత్తున్నవి అయిదు దొరికితే కట్టేశాడు. అలా గేదెల జబ్బులూ, రామభజనలూ, జలుబుకు కషాయాలూ, ఒక హాస్య నాటికా, సపోటా అంట్లూ ఒకే అట్టలో కాపురం పెట్టాయి. వీపు మీద మొదటి పుస్తకం పేరు ఒక్కటే రాశాం. అయిదు పేర్లు పట్టవు కదా.

తనిఖీ రోజున వినాయకరావు గారు ఒక కన్ను మూసి వరస చూశారు. తర్వాత రెండో కన్ను మూసి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ ఒక్కసారే.

నా తలే కేటలాగు

చాలా ఏళ్లు ఇబ్బంది రాలేదు. ఎందుకంటే కట్టించింది నేనే, గుర్తున్నదీ నాకే. ఎవరైనా కషాయాల పుస్తకం అడిగితే, మూడో బీరువాలో గేదెల్లో ఉంది తీసుకోండి అనేవాణ్ని. నాటిక అడిగినా గేదెల్లోకే పంపేవాణ్ని. పాఠకులకు ఇదేదో నా విద్య అనిపించేది. నాకూ అలాగే అనిపించేది. కొత్తగా వచ్చేవాళ్లకు నా సలహా: గ్రంథాలయంలో ఎవరైనా ఒక మనిషిని అడిగితే తప్ప పుస్తకం దొరకట్లేదంటే ఆ మనిషిని మెచ్చుకోకండి. అతను ఏదో దాచాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పుస్తకాల వివరాలు ఎక్కించడానికి ముగ్గుర్ని పంపారు. ఇద్దరు చివరి బీరువా నుంచి మొదలుపెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని, వీపు మీదున్న పేరు చూసి కొట్టేసేవాళ్లు. ఎంత వేగమంటే కీబోర్డు మీద నీళ్లు చల్లాల్సి వచ్చేది. మూడో అమ్మాయి పద్మ, మొదటి బీరువా నుంచి మొదలుపెట్టింది. ఆ అమ్మాయి ప్రతి సంపుటాన్నీ తెరిచేది. లోపల అయిదు పుస్తకాలుంటే అయిదు పేర్లూ, అయిదుగురు రచయితలూ ఓపిగ్గా చూసి, "ఇతర వివరాలు" అని కింద ఒక గడి ఉంటుంది, అందులో కొట్టేది. వాళ్లు వంద ఎక్కించేసరికి పద్మ పది ఎక్కించేది.

పైనుంచి ఒత్తిడి వచ్చింది. నేను వెళ్లి, లోపలివి ఎవరూ చదవరు, బైటి పేరు చాలమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసి, "లోపలున్నాయన కూడా రాశాడు కదండీ సార్," అంది. అంతే. మర్నాటి నుంచి తనూ బైటి పేర్లే కొట్టింది. అప్పటికి మూడో బీరువా రెండో అర దాకా వచ్చింది.

కనుక మా గ్రంథాలయంలో ఒకే మాట కొట్టి వెతికితే కొన్ని సంపుటాల లోపలి పుస్తకాలు దొరుకుతాయి, కొన్ని దొరకవు. బయటివాళ్లకు పిచ్చి కంప్యూటరనిపిస్తుంది. పిచ్చేం లేదు. మూడో బీరువా రెండో అర దాకా ఒక అమ్మాయి ఓపిక ఉంది. ఆపైన నా మాట ఉంది.

కాలు పొట్టి కుర్చీ

నా రిటైర్మెంటుకు నెల ముందు కడియం నుంచి నాగమణి గారని ఒకావిడ వచ్చారు. అక్కడ నర్సరీలో అంట్లు కట్టే పని ఆవిడది. నలభై అయిదేళ్లుంటాయి. వేళ్ల చివర్లు కత్తి గాట్లతో గళ్ల చీరలా ఉన్నాయి. కౌంటర్లో రమణ గారున్నారు. నా తోటి ఉద్యోగి, ఏ విషయంలోనూ తొందరపడని మనిషి.

ఆవిడ చెప్పింది ఇదీ. వాళ్ల నాన్న జీవితమంతా అంట్లు కట్టాడు. చదువు అంతంతమాత్రం. ఎవరో మేస్టారు పక్కన కూర్చుని రాసుకుంటే, సపోటా అంట్ల మీద ఆయన చెబుతూ పోయాడట. అది ముప్పై పేజీల పుస్తకమైంది. ఇంట్లో ఉన్న కాపీ వరదలో పోయింది. చివరి రెండేళ్లూ పక్షవాతంతో ఆయనకు మాట లేదు. ఆ వేసవిలోనే పోయాడు. ఫోటో ఉంది, గొంతు లేదు. ఆ పుస్తకంలో మాత్రం ఆయన మాట్లాడినట్టే ఉంటుందని ఆవిడ చిన్నప్పుడు చదివిన గుర్తు.

నెల కింద వచ్చి, చదివే గదిలో ఉన్న కంప్యూటర్లో నాన్న పేరు కొడితే ఒకటి వచ్చిందట. ఇవాళ అదే కంప్యూటర్లో కొడితే ఏమీ లేవంటోంది.

రమణ గారు తన కంప్యూటర్లో కొట్టి చూశారు. ఏమీ లేదు. మీరు చూసింది వేరే లైబ్రరీ అయ్యుంటుందేమోనండి అన్నారు.

"ఆయ్, కాదండి. ఇదే గది, ఇదే కుర్చీ. దీనికి ఎడంవైపు కాలు పొట్టి. నేను కూర్చుంటే పడబోయానండి," అన్నారావిడ.

ఆ కుర్చీ గురించి తెలిసినవాళ్లు అబద్ధమాడరు. అయినా నేను నమ్మలేదు. కంప్యూటర్లు వచ్చాక నా తల కేటలాగుకు దుమ్ము పట్టింది, సపోటా అన్నా ఏమీ గుర్తు రాలేదు. లోపలి గదిలోంచి వచ్చి, పేరు సరిగ్గా కొట్టారా, ఇంటిపేరుతో కొట్టారా అని చదువురాని వాళ్లను అడిగినట్టు అడిగాను. ఆవిడ ఓర్చుకుని, రెండు విధాలుగానూ కొట్టి చూపించారు. లేదు.

ఇక్కడ మీకు వరండా సంగతి చెప్పాలి. చాలా ఏళ్లుగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాల జాబితా కంప్యూటరే తీసింది. వాటిని తీసేయమని ఉత్తర్వు. పురికొసతో కట్టిన కట్టలు వరండాలో నా ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. సరే, మోకాలి ఎత్తున. పాత కాయితాల వ్యాను ఆ మధ్యాహ్నమే వస్తుంది. నాగమణి గారు లోపలికి వచ్చేటప్పుడు ఆ కట్టల పక్కనుంచే, చీర కుచ్చిళ్లు పట్టుకుని, జాగ్రత్తగా నడిచి వచ్చారు.

నేనూ కంప్యూటరూ

ఆవిడ వెళ్లిపోతే నేను భోజనానికి వెళ్లేవాణ్ని. ఆవిడ వెళ్లలేదు. పొట్టికాలు కుర్చీలోనే కూర్చున్నారు. దాంతో నాకు ఆకలికన్నా కుతూహలం ఎక్కువైంది. ఒకే పేరు, ఒకే కంప్యూటరు, ఒకే కుర్చీ. మరి మారిందేంటి?

పక్కన కూర్చుని వేరే మాటలు కొట్టి చూశాను. మామిడి అని కొడితే తొమ్మిది వచ్చాయి. నాకు బాగా తెలుసు, పదిరోజుల కింద అదే మాటకు ముప్పై పైన వచ్చేవి. పుస్తకాలు ఎక్కడికీ పోలేదు. అప్పుడు నా చూపు తెర మీద, వెతికే గడి పక్కనున్న చిన్న మాట మీద పడింది. "పేరులో మాత్రమే" అని ఉంది, అంటే పుస్తకం పేరులోనే వెతుకుతుంది.

అది పెట్టింది ఎవరో నాకు తెలుసు. అంతకు వారం ముందు ఒక పాఠకుడు గోదావరి అని వెతికితే, ఆ మాట అచ్చు వేసినవాళ్ల చిరునామాలో ఉన్న ప్రతి పుస్తకమూ వచ్చి పడిందని గొడవ చేశాడు. అప్పటిదాకా ఆ కంప్యూటరు అన్ని వివరాల్లోనూ వెతికేది. కౌంటరుది మాత్రం మొదట్నుంచీ పేరులోనే. నేను వెళ్లి, ఒక్క నొక్కు నొక్కి, చదివే గదిదీ పేరులోకి మార్చాను. ఫలితాలు శుభ్రంగా, వరసగా వచ్చాయి. వినాయకరావు గారు బతికుంటే ఒక కన్ను మూసి చూసేవారు.

"ఆ రోజు వచ్చిన పుస్తకం నంబరు రాసుకున్నారాండీ?" అని, దాన్ని మళ్లీ మార్చబోతూ అడిగాను.

"లేదండి. అది మా నాన్నది కాదు కదాని వదిలేశాను. నాన్న పేరు కొడితే గేదెల జబ్బుల పుస్తకం వచ్చిందండి. మా నాన్న గేదెల జోలికి ఎప్పుడూ పోలేదు. కంప్యూటరుకు మతిపోయిందనుకుని, ఇంకోసారి వద్దామని వెళ్లిపోయా."

నేను కుర్చీలోంచి ఎంత పైకి లేచానంటే ఫ్యాను రెక్క తగిలింది. గేదెలు. పద్మ. మూడో బీరువా. సంగతంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఒక అట్టలో అయిదు పుస్తకాలుంటాయనీ, వీపు మీద మొదటిదాని పేరే ఉంటుందనీ ఆవిడకు చెప్పాను. ఆవిడ రెండు వేళ్లు ఒకదానికొకటి ఆనించి చూపించారు.

"అంటే అంటు కట్టినట్టే గదండీ. పాల అని వేరే జాతి మొక్క ఉంటుందండి, దాని కుండీని సపోటా కొమ్మ దగ్గర పెట్టి, రెండిటికీ తొక్క చెక్కి కలిపి కడతాం. అతుక్కున్నాక కింద పాల, పైన సపోటా. కాని మేం సపోటా అని చీటీ కడతామండి. కాసేది అదే కాబట్టి. మీరు కింది మొక్క పేరు చీటీ కట్టేశారు. ఇంక సపోటా కావలసినవాడికి ఎలా దొరుకుద్దండి?"

ముప్పై మూడేళ్లలో కేటలాగు గురించి నేను చాలా శిక్షణ తరగతులకు వెళ్లాను. టిఫిన్లు బాగుండేవి. ఈ మాట అక్కడ ఎవరూ చెప్పలేదు.

వరండాలో

మూడో బీరువాలో గేదెలు లేవు. ఆ చోటు ఖాళీగా, పన్ను ఊడినట్టుంది. ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు కనుక జాబితాలోకి వెళ్లిపోయింది. అడిగినవాళ్లకు దొరకలేదన్న సంగతి జాబితాకు తెలియదు.

వరండాలోకి పరుగెత్తాం. వ్యాను అప్పటికే గేటు దగ్గరుంది. డ్రైవరు కట్టలు ఎత్తుతున్నాడు. నేను వ్యానుకు అడ్డంగా పడుకున్నానని రాద్దామనిపిస్తోంది గాని, నిజానికి రమణ గారు వెళ్లి అతనికి టీ ఇప్పించారు. ఆయన జీవితంలో తొందరపడింది ఆ ఒక్కసారే. నేను పురికొసల ముళ్లు గోళ్లతో పీకుతుంటే నాగమణి గారు నన్ను పక్కకు జరగమని, సంచిలోంచి అంటుకత్తి తీసి, ఒక్కొక్క గీతతో తెంపుకుంటూ పోయారు. నాలుగో వరసలో, కిందినుంచి రెండో కట్టలో దొరికింది. ఎర్ర అట్ట, చిల్లులు. గేదెలు దాటి, భజనలు దాటి, కషాయాలు దాటి, నాటిక దాటి, చివర్న సపోటా అంట్లు.

ఆవిడ మెట్ల మీద కూర్చుని తెరిచారు. చేతులు చీరకు తుడుచుకున్నారు. కాసేపు లోపల్లోపల చదువుకుని, తర్వాత ఒక వాక్యం పైకి చదివారు.

"కత్తి పదును లేని రోజున అంటు కట్టకు, ఇంటికి పోయి పడుకో, చెట్టు నిన్నేమీ అనుకోదు."

చదివి నవ్వారు. "నన్ను రోజూ ఇదే అనేవాడండి. నాకే అనుకున్నా, పుస్తకంలో కూడా పెట్టాడు."

అప్పుడు నేను మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చుని ఒప్పుకున్నాను. ఎత్తు చూసి కట్టమన్నది నేనేనండి, లోపలి పేర్లు వద్దన్నదీ నేనే, వారం కింద ఆ గడి మార్చిందీ నేనే, మీరు చెబితే నమ్మనిదీ నేనే అన్నాను. ఆవిడ కోప్పడలేదు. మా నర్సరీలోనూ చీటీలు తప్పు కట్టేవాళ్లు ఉన్నారండి, కాయ కాసేదాకా ఎవరికీ తెలియదు అన్నారు.

కొత్తవాళ్లకు

ఆ చివరి నెల మూడో బీరువా రెండో అర నుంచి మొదలుపెట్టి, ప్రతి సంపుటాన్నీ తెరిచి లోపలి పేర్లు ఎక్కించాను. పద్మ వేగం నాకు రాలేదు. ఆ అమ్మాయి నెమ్మది అనుకున్నాను గాని, చాలా వేగంగా చేసింది. నేను నాలుగో బీరువా సగందాకా వచ్చేసరికి దండలు వేసి పంపేశారు. మిగతాది మీది.

పాఠకుడు వచ్చి నిన్న వచ్చింది ఇవాళ లేదంటే, ఏ కంప్యూటర్లో, ఏ గడిలో, ఏం కొట్టారో అడగండి. తనది కాదనుకుని వదిలేసిన పుస్తకం ఏదో అడగండి. ఆ తర్వాత, ఆ వివరాలు ఎవరు ఎక్కించారో, వాళ్లను ఎవరు తొందరపెట్టారో కనుక్కోండి. కంప్యూటరు దానికి చెప్పింది చెప్పినట్టే అప్పగిస్తుంది.

కల్పించింది

ఇక ఇచ్చిన మాట. వినాయకరావు గారి ఒంటికన్ను నిజం. కన్నీళ్లు సగం నిజం, ఆయనకు జలుబు చేసింది. ఫ్యాను రెక్క పెంచింది. వ్యానూ, కత్తీ, కిందినుంచి రెండో కట్టా అక్షరాలా నిజం.

మెట్ల మీద నేను ఒప్పుకోవడం కల్పించాను. నేను కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. నాగమణి గారు పుస్తకంలోంచి తలెత్తి, మరి ఆ రోజు వచ్చి ఇవాళ ఎందుకు రాలేదండీ అని నన్ను అడిగారు. తెలుసుకోవాలనే అడిగారు, నిష్ఠూరంగా కాదు.

"సిస్టం అప్పుడప్పుడూ అలా చేస్తుందండి," అన్నాను.

ఆవిడ నమ్మారు. నాకు దణ్ణం పెట్టి, కడియం బస్సుకు వెళ్తూ, చదివే గది కిటికీలోంచి ఆ కంప్యూటరు వైపు కాస్త జాలిగా చూశారు.

ఇది అచ్చయ్యాక మొదటి కాపీ ఆవిడకే పంపుతున్నాను. ఆ నర్సరీ నాకు తెలుసు. నేనే వెళ్లి ఇద్దామనుకున్నాను గాని, పోస్టులో వేస్తానేమో. నాగమణి గారూ, అది చేరాక వస్తానండి.